మీట తిప్పినవాడిదే వంట

తల్లిదండ్రులు అనేది ద్వంద్వ సమాసమనీ, అందులో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉంటుందనీ బళ్లో మా తెలుగు అయ్యవారు చెప్పారు. వంటింటి గడప దాటాక కూడా ఈ సూత్రం వర్తిస్తుందా అని అడిగే వయసు నాకప్పుడు లేదు. ఇప్పుడు నలభై రెండేళ్లు. మా ఆవిడకు రేణిగుంట పక్కన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో డ్యూటీ, నాకు తిరుపతిలో బీమా ఆఫీసు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. అంటే మేము శాస్త్రోక్తంగా ‘ఉద్యోగం చేసే బిజీ తల్లిదండ్రులం’. మా జాతి ఉద్ధరణ కోసం ఎవరో ఒకరు రోజూ వంట ఐడియాలు రాస్తూనే ఉంటారు. అన్నిటి సారం ఒక్కటే: స్లో కుక్కర్ కొను, పొద్దున అన్నీ వేసి మీట తిప్పు, సాయంత్రం వచ్చి తిను.

అందులో ‘తిప్పు’, ‘తిను’ అనే రెండు క్రియలు నాకు బాగా నచ్చి వెంటనే కొనేశాను. ‘అన్నీ వేసి’ అన్న మాట మీద అప్పుడు నా దృష్టి పడలేదు.

యంత్రం చాలా సాధువు. లోపల బరువైన పింగాణీ గిన్నె, దాని చుట్టూ సన్న సెగ, పైన గాజు మూత, ముందు ఒక మీట. మీటకు మూడు స్థితులు. తిరుపతివాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. ‘హై’ అంటే అలిపిరి మెట్ల దారి. 3,550 మెట్లు, మూడు నాలుగు గంటల్లో పని తేలిపోతుంది. ‘లో’ అంటే సర్వదర్శనం క్యూ. ఎనిమిది గంటలని మనసులో అనుకుని వెళ్లాలి, పది అయినా గోవిందా అనుకోవాలి. ‘వార్మ్’ అంటే కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టడం. అక్కడ ఎవరూ ఉడకరు, చల్లారరు కూడా.

దీనికి గొప్ప చరిత్ర ఉంది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకు 1940లో ఈ తరహా గిన్నెకు పేటెంటు వచ్చింది. వాళ్లమ్మ లిథువేనియాలో గడిపిన చిన్నతనం గురించి చెప్పిన కథే దానికి మూలం. యూదులు సబ్బాతు రోజు పొయ్యి వెలిగించకూడదు. అందుకని శుక్రవారం సాయంత్రమే గింజలూ మాంసమూ వేసిన కుండను రొట్టెలవాడి పొయ్యిలో పెట్టించి, ఆరిపోతున్న వేడి మీదే తెల్లారేదాకా మగ్గనిచ్చేవాళ్లు. తర్వాత ఒక కంపెనీ ఆ వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో గిన్నెను బజారులో పెట్టింది. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు ఎగబడి కొన్నారు. మగవాళ్లు ఎగబడినట్టు నేనెక్కడా చదవలేదు. ఆ లోటు తీర్చడానికే నేను పుట్టి ఉంటాను.

ఈ చరిత్రంతా మా అమ్మకు వివరించాను. ఆమె కార్వేటినగరం పక్క పల్లె మనిషి. అంతా విని, గిన్నె చుట్టూ ఒకసారి చెయ్యి పెట్టి చూసి, “దీన్ని మేము దాలి అంటాం కదా అబ్బయ్యా” అనింది.

నిజమే. గుంటలో పిడకలు రాజేసి, పైన పాలకుండ పెట్టి వదిలేస్తే, మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి మీగడ అట్టు కట్టేది. ఎద్దులకు ఉలవలు కూడా అలాగే సన్న సెగ మీద ఉడికేవి. గింజలు ఎద్దులకు, కట్టు మనకు చారుకు. కాకపోతే మా అమ్మ పేటెంటు ఆఫీసుకు వెళ్లలేదు. పేడ తియ్యడానికి వెళ్లింది.

ఇక అసలు వంటకాలకు వస్తాను. మొదటి ప్రయోగం ఉలవచారు. స్లో కుక్కర్‌కు ఇంతకంటే తగిన సరుకు లేదు. రాత్రంతా నానిన ఉలవల్ని ‘లో’ మీద తొమ్మిది గంటలు వదిలేస్తే కట్టు చిక్కగా దిగుతుంది, గింజలు గుగ్గిళ్లకు పనికొస్తాయి. మా పెట్టె 200 వాట్లది. ఎనిమిది గంటలకు 1.6 యూనిట్లు, గ్యాసుతో పనిలేదు. ఈ లెక్క నేను ఆఫీసులో అందరికీ చెప్పాను. చెప్పని లెక్క ఒకటుంది. ఉలవల్లో రాళ్లు ఏరింది మా ఆవిడ. కడిగి నానబోసింది ఆమె. పొద్దున ఐదున్నరకు లేచి గిన్నెలో పోసింది ఆమె. సాయంత్రం చింతపండు పిసికి, చారు కాచి, తెల్లగడ్డలు దంచి తాలింపు పెట్టింది ఆమె. మీట తిప్పింది నేను.

మీరు నవ్వుతారు కానీ వీటన్నిటిలోకీ కీలకమైనది మీటే. మిగతా పనులన్నీ జరిగి అదొక్కటి జరక్కపోతే ఏమవుతుందో మాకు అనుభవం ఉంది. రెండో వారంలో ఒకరోజు ప్లగ్గు పెట్టాను, మీట తిప్పాను, గోడ మీద స్విచ్ వెయ్యడం మర్చిపోయాను. సాయంత్రానికి కందిపప్పు కొద్దిగా ఉబ్బి, చక్కగా పులిసి, మా కోసం ఎదురుచూస్తా ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు. ప్రెజర్ కుక్కర్ కిందికి దించింది, అంతే. ఆ దించడంలో కొంచెం శబ్దం ఎక్కువైంది.

పప్పు విషయంలో ఇంకో సంగతి. అన్నీ ఒకేసారి వేసెయ్యమన్నారు కదా అని చింతపండు, టమాటాలు కూడా పొద్దునే వేశాననుకోండి, పులుపు తగిలిన పప్పు బిగుసుకుపోతుంది. ఎనిమిది గంటలు కాదు, బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులూ ఉడికించినా ఎనపడానికి లొంగదు. పులుపు చివర్లోనే వెయ్యాలి. ఎర్రగడ్డలు కూడా ఇందులో మెత్తబడతాయే కానీ వేగవు. నీళ్లున్న గిన్నె నూరు డిగ్రీలు దాటదు, వేపుడు రంగు రావాలంటే అంతకంటే బాగా ఎక్కువ వేడి కావాలి. కాబట్టి మసాలా ముందే స్టవ్ మీద వేయించి ఇందులోకి వంచాలి. అప్పుడు ఒక గిన్నె వంటకు బాణలి కలిపి రెండు గిన్నెలు తోముకోవాలి. తోమడం గురించి వంట ఐడియాలు రాసేవాళ్లు ఎవరూ రాయరు. నేనూ రాయను, నాకా శాఖతో పరిచయం తక్కువ.

రాజ్మా దగ్గర మాత్రం వేళాకోళం పక్కన పెడతాను. ఎర్ర రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. స్లో కుక్కర్ సన్న సెగకు అది చావదు, అరకొరగా ఉడికితే పచ్చి గింజల కంటే ప్రమాదం పెరగవచ్చు కూడా. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద కనీసం పది నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తర్వాతే ఇందులో వెయ్యాలి. లేకపోతే కుటుంబమంతా వాంతులతో సెలవు పెట్టాల్సి వస్తుంది. సెలవు దొరకడం ఒక్కటే అందులో లాభం.

రాగి సంగటి అడక్కండి. సంగటికి సెగ కంటే తెడ్డు ముఖ్యం, తెడ్డుకు చేతులు ముఖ్యం. కంపెనీవాళ్లు ఇంకా యంత్రానికి చేతులు పెట్టలేదు. ఇంట్లో మరో జత చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అని మా అమ్మ ఒకసారి నా వైపు చూసింది. నేను పేపరు చదువుతా ఉన్నాను.

సంగటికి తోడు నాటుకోడి. ముదురు మాంసం సన్న సెగకు కరిగి వెన్నలా అవుతుంది, బ్రాయిలర్ అయితే పీచుపీచుగా విడిపోతుంది. ఆదివారం తెచ్చి, సోమవారం పొద్దున వేయించి, కుక్కర్లో పెట్టి వెళ్లాం. సాయంత్రం మెట్లు ఎక్కుతుంటేనే వాసన. మధ్యలో పక్కింటి అక్క ఎదురై, “పగలు కరెంటు పోయింది, మూడు గంటలో నాలుగు గంటలో” అంది. ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య ఎంతసేపు నిలిచిందో తెలియని కూర, అందులోనూ మాంసం, పారెయ్యాల్సిందే. గోరువెచ్చటి గిన్నె సూక్ష్మజీవులకు గంగ జాతర. పారేశాం. నాటుకోడి ధర మీద మా ఆవిడ ఆ రాత్రి క్లుప్తంగా ప్రసంగించింది.

సంక్రాంతికి పితికిపప్పు పెట్టాం. చిత్తూరు జిల్లా మనుషులకు దీని గురించి చెప్పక్కర్లేదు. అనప గింజలు రాత్రంతా నానబోసి, ఒక్కో గింజా వేళ్ల మధ్య పితికి, తోలు తీసి, పప్పు బయటికి ఎగరగొట్టాలి. అమ్మ, ఆవిడ, పిల్లలు మూడు గంటలు పితికారు. ఉడకడానికి పట్టే సమయం పదిహేను నిమిషాలు. పద్ధతి పద్ధతే కాబట్టి నేను ఎనిమిది గంటలు ఉడికించాను. అందులో పప్పు అనే పదార్థం జాడ దొరకలేదు కానీ రుచి బాగానే ఉందని నా అభిప్రాయం. మా అమ్మ మధ్యలో నాలుగుసార్లు మూత ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ పావుగంట నుంచి అరగంట వంట వెనక్కి పోతుందని చెబితే, “చూడకుండా వంటేంది నాయినా, లాటరీనా?” అనింది.

అన్నిటికీ తట్టుకోవచ్చు, బంధువులకు తట్టుకోలేం. తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాలకు కొదవ ఉండదు. మొన్న శనివారం మధ్యాహ్నం మా బావమరిది ఫోను: “బావా, దర్శనం అయిపోయింది, కొండ దిగతా ఉండాము, ఏడుగురం.” ఘాట్ రోడ్డు దిగి ఇంటికి రావడానికి గంట. పొద్దున మీట తిప్పిన సాంబారు ‘లో’ మీద ఇంకా సర్వదర్శనం క్యూలోనే ఉంది. మూడున్నర లీటర్ల గిన్నె, అదీ మూడింట రెండు వంతులే నింపాలి. ఏడుగురికీ మా ఐదుగురికీ ఏ మూలకు సరిపోతుంది? మా ఆవిడ నోరెత్తకుండా పెద్ద కుక్కర్ తీసి పప్పు కడిగింది.

చుట్టాలు వచ్చి, గుండ్లు తడుముకుంటా హాల్లో కూర్చున్నారు. బావమరిది వంటింట్లోకి తొంగి చూసి, గట్టు మీద మెరుస్తున్న యంత్రాన్ని చూసి, “ఇదేంది బావా, వంట కూడా నువ్వేనా?” అన్నాడు.

“ఏముందిలే” అన్నాను వినయంగా, “ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లం కదా, సర్దుకోవాలి.”

లోపల కుక్కర్ నాలుగో విజిల్ వేసింది.