ఆ ‘ఫార్మాట్’ నొక్కమని ఎవరికీ చెప్పకండి

మ్యాక్‌లో వాడిన హార్డ్ డిస్క్ విండోస్‌లో తెరుచుకోకపోతే ఏం చేయాలో చెబుతూ ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. కంప్యూటర్లతోనే బతికే స్నేహితులు కూడా పంపుతుంటే ఒళ్లు మండి రాస్తున్నాను.

‘మ్యాక్ నుంచి వైరస్ ఎక్కితే విండోస్ ఫార్మాట్ అడుగుతుంది. ఓకే కొడితే వైరస్ పోయి ఫైళ్లు కనిపిస్తాయి’ అట. వైరస్ లేదు, పాడూ లేదు. డిస్క్‌లో ఫైళ్లను అమర్చడానికి ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి ఉంటుంది. ఈ డిస్క్ ఏపీఎఫ్ఎస్‌లోనో, పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లోనో ఉంది. రెండూ ఆపిల్ పద్ధతులే. వాటిని చదవడం విండోస్‌కు రాదు కాబట్టి ఫార్మాట్ చేయమంటుంది. తెలుగు రాని మనిషికి ఉత్తరం చూపిస్తే ‘అర్థం కాలేదు, చింపేయనా?’ అని అడిగినట్టు. సరే చింపెయ్ అంటారా? ఓకే కొడితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక పోయి ఖాళీ పట్టిక వస్తుంది. పట్టికను మాత్రమే మార్చే క్విక్ ఫార్మాట్ అయి, తర్వాత దానిమీద ఏమీ రాయకపోతే రికవరీలో కొన్ని ఫైళ్లు దొరకొచ్చు. చిప్‌లతో పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ అయితే, తీసేసిన ఫైళ్ల జాగాను ఖాళీ చేసుకోమని దానికి చెప్పే ట్రిమ్ వల్ల ఆ ఆశ కూడా తక్కువే. పిల్లల ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లకు ఏం జవాబు చెబుతారు, ఫార్వర్డ్ చేసినవాళ్లు? క్యాన్సిల్ కొట్టి మళ్లీ మ్యాక్‌కే పెట్టండి. మ్యాక్ లేకపోతే, ఏపీఎఫ్ఎస్ చదివే సాఫ్ట్‌వేర్ విండోస్‌కు దొరుకుతుంది.

ఆ మెసేజ్‌లోనే ఇంకొన్ని మాటలున్నాయి. ‘ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ను మ్యాక్ లాక్ చేస్తుంది’. ఎన్‌టీఎఫ్ఎస్ అంటే విండోస్ సొంత పద్ధతి. మ్యాక్ దాన్ని లాక్ చేయదు. చదువుతుంది, రాయదు, అంతే.

‘లైనక్స్‌లో పెడితే విండోస్ డ్రైవ్ పాడవుతుంది’. లైనక్స్ అంటే విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్. 2021లో వచ్చిన దాని 5.15 కెర్నల్‌లోనే (అంటే సిస్టమ్ మూల భాగంలోనే) ఎన్‌టీఎఫ్ఎస్ రాయగల కొత్త డ్రైవర్ చేరింది. అయితే ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉండి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది, అంటే తన స్థితిని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది. అప్పుడు లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే దెబ్బతినొచ్చు. ఆ సెట్టింగ్ ఆపేయండి.

‘అన్నీ ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి, ఇక టెన్షన్ ఉండదు’. ఎక్స్‌ఫ్యాట్ విండోస్, మ్యాక్ రెండూ చదివి రాయగల పద్ధతి, అటూ ఇటూ ఫైళ్లు మోయడానికి మంచిదే. 2019లో మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్ బయటపెట్టాక లైనక్స్‌కూ దారి సుగమమైంది. కానీ దానికి జర్నలింగ్, అంటే చేయబోయే మార్పును ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు, లేదు. కాపీ మధ్యలో కేబుల్ లాగితే పాడయ్యే అవకాశం ఎక్కువ. పైగా ఇప్పటికే ఫైళ్లున్న డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాలంటే ఫార్మాటే చేయాలి. ముందు అన్నిటినీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసుకోండి. అంత పొడుగు మెసేజ్‌లో ఆ ఒక్క మాట మాత్రం రాయలేదు.