బ్రేకింగ్: యాంకర్ గారికి మళ్ళీ కోపమొచ్చింది

టీవీ చర్చ. తెర మీద ఆరు డబ్బాలు, ఆరుగురు మనుషులు. ఒక్కరి మాటైనా వినపడదు. ఎలా వినపడుతుంది? అందరి మైకులూ ఒకేసారి తెరిచే ఉంటాయి కదా! కంట్రోల్ రూమ్‌లో రెండు ఫేడర్లు, అదే మైకుల శబ్దం తగ్గించే మీటలు, కిందికి దించితే చాలు. దించరు. అక్కడ అరుపే సరుకు.

యాంకర్ గారేమో "సూటిగా చెప్పండి" అంటారు, నాలుగో మాటకే అడ్డుపడతారు. ఆ అడ్డుపడటం కూడా చాలాసార్లు సొంతం కాదు, చెవిలో ప్రొడ్యూసర్ ఊదిందే.

ధాన్యం కొనుగోళ్ల మీద చర్చట! 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. రైతు చేతికొచ్చింది ఎంత? అడగరు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏం జరుగుతోంది? అడగరు. తరుగు పేరుతో బస్తాకి ఎన్ని కిలోలు కోస్తున్నారు? ఊహూ. "మీ నాయకుడు రాజీనామా చేస్తాడా, చెయ్యడా?" ఇదీ ప్రశ్న! అసలు కళ్ళం మొహం చూశారా ఎప్పుడైనా?

2018లో నటి శ్రీదేవి దుబాయ్‌లో బాత్‌టబ్‌లో మునిగి చనిపోతే, ఓ తెలుగు ఛానెల్ రిపోర్టర్ బాత్‌టబ్‌లో పడుకుని మరీ చూపించాడు. చావుకి డెమో ఏంటయ్యా? దాన్ని వద్దన్నవాడు న్యూస్‌రూమ్ మొత్తంలో ఒక్కడూ లేడా?