పరపతి లేనివాడి గోడు

ఇప్పుడే బ్యాంకు నుంచి వచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను, మర్యాద కాస్త తగ్గితే సర్దుకోండి.

నేను అడిగింది పెద్ద అప్పేమీ కాదు. వ్యాపారం పేరు మీద ఒక క్రెడిట్ కార్డు, అదీ వాళ్ల దగ్గరున్న వాటిలోకెల్లా చిన్న పరిమితిది. రెండేళ్లుగా లేబుళ్లు, అట్టపెట్టెలు అచ్చువేసే పని చేస్తున్నాను. ఒక్క బిల్లు ఎగ్గొట్టలేదు, ఒక్క చెక్కు వెనక్కి రాలేదు. అద్దె, కరెంటు, జీతాలు అన్నీ గడువుకు ముందే. ఆ అబ్బాయి నా వివరాలన్నీ కంప్యూటర్లో కొట్టి, తెర నావైపు తిప్పాడు. స్కోరు అని ఉన్న గడిలో అంకె లేదు. ఒక చిన్న అడ్డగీత ఉంది. సున్నా అయినా బాగుండేది. సున్నా అంటే నన్ను లెక్కలోకి తీసుకుని, పనికిరాడని తేల్చారన్నమాట. గీత అంటే అసలు పుట్టనే లేదని.

"మీ వ్యాపారానికి అప్పు చరిత్ర లేదండీ" అన్నాడు.

"అది ఎలా వస్తుంది బాబూ?"

"ఎక్కడైనా అప్పు తీసుకుని సక్రమంగా కట్టాలండీ."

"దానికోసమే కదా వచ్చాను?"

పాపం, నవ్వాడు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని మా నానమ్మ అంటుంటే హాస్యమనుకునేవాణ్ణి. బ్యాంకుల నిబంధనల పుస్తకమని ఇవాళ తెలిసింది.

గుమ్మం దాటి పది నిమిషాలు కాలేదు, ఫోనులో సందేశం. మా సేవకు ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు అని! నాకు గీత పెట్టినవాళ్లకు నేను నక్షత్రాలు ఇవ్వాలట. గీత పెట్టే వీలుందేమోనని వెతికాను. లేదు.

ఇక మా బావమరిది సంగతి వినండి. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో, దాని బాకీ మూడో కార్డుతో తీరుస్తుంటాడు. ఆయనకు వారానికి రెండు బ్యాంకుల నుంచి ఫోన్లు వస్తాయి, సార్ సార్ అంటూ. నెలనెలా ఏదో కొంత కడుతున్నాడు కాబట్టి ఆయనకు చరిత్ర ఉంది. వడ్డీ కట్టేవాడు బంగారు బాతు, కట్టనవసరం లేకుండా బతికేవాడు అనుమానితుడు. మొన్న ఇంటికొచ్చి "నీకు డబ్బు వ్యవహారం తెలియదు బావా" అని నాకే బోధ చేసి వెళ్లాడు.

సలహాలకు మాత్రం కరువు లేదు. వ్యాపారాన్ని వేరే సంస్థగా రిజిస్టరు చేయించండి, వేరే ఖాతా తెరవండి, వ్యాపార సంస్థలను గుర్తించే తొమ్మిది అంకెల డన్స్ నంబరు తీసుకోండి, అప్పుడు వ్యాపారం వేరు, మీరు వేరు అంటారు. అన్నీ చేశాను. తీరా అప్పు మాట వచ్చేసరికి, యజమానిగా మీరు స్వయంగా పూచీ ఉండాలి, ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. రెండేళ్లు కష్టపడి విడదీసింది ఒక్క సంతకంతో మళ్లీ అతుక్కుంటుంది. లాభం వస్తే సంస్థది, మునిగితే నా ఇల్లు.

నిజానికి నాకు చరిత్ర లేదనడమే అబద్ధం. నాకు కాగితం ఇచ్చే పెద్దాయన దగ్గర మొదటి నెల నుంచీ అరువు ఖాతా ఉంది. నెలాఖరుకు ఇస్తానని చెప్పి ఇరవై అయిదో తేదీకే ఇచ్చేస్తాను. ఆయన ఎర్ర అట్ట పుస్తకంలో నా పేరు మీద పేజీలున్నాయి. ప్రతి పద్దు పక్కన 'ముట్టింది' అని రాసి, కింద పొట్టి సంతకం. అయితే ఆ సంగతి ఆయన, ఎవరు ఎలా కడుతున్నారో రాసుకుని స్కోరు వేసే ఏ క్రెడిట్ సంస్థకూ తెలియజేయడు. అలా తెలియజేసే పద్ధతి ఒకటుందని కూడా ఆయనకు తెలియదు. తెలియజేయని చోట ఎంత కట్టినా గంగలో పోసినట్టే.

వ్యాపారుల పరపతి రాసిపెట్టే ఈ తంతుకు శ్రీకారం చుట్టింది 1841లో న్యూయార్కులో లూయిస్ టాపన్ అనే పట్టు వ్యాపారి. 1837 సంక్షోభంలో అరువులు మునిగి చేతులు కాల్చుకున్నాక, ఊరూరా మనుషుల్ని పెట్టి, ఏ వ్యాపారి ఎలాంటివాడో రాయించి, లావుపాటి పుస్తకాల్లోకి ఎక్కించాడు. అబ్రహాం లింకన్ కూడా లాయరుగా ఉన్న రోజుల్లో అలా రాసి పంపినవాడే. ఆ సంస్థే పోనుపోను, ఇందాకటి డన్స్ నంబరు ఇచ్చే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయింది. ఆ పాత పద్ధతి ధర్మంగా ఉండేదని అనను. రాసేవాడికి మీ మొహం గిట్టకపోతే అంతే సంగతులు. కానీ మీ గురించి రాసేవాడు మీ ఊళ్లోనే ఉండేవాడు, మీరు దుకాణం తెరిచే వేళ అతనికి తెలిసేది.

ఇప్పుడు డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వాళ్లు, బిల్లులు ఎంత సకాలంలో కడుతున్నామో చూసి వేసే పేడెక్స్ స్కోరు 1 నుంచి 100 దాకా. సరిగ్గా గడువు నాటికి కడుతుంటే 80. వందకు వంద రావాలంటే గడువుకు 30 రోజులు ముందే కట్టాలి. ముప్పై రోజుల అరువు తీసుకుని ముప్పై రోజులు ముందు కట్టడమంటే ఏమిటో మీరే లెక్కవేయండి. సరుకు దించుకున్న రోజే డబ్బు చేతిలో పెట్టడం. మా ఇంట్లో దాన్ని నగదు కొనుగోలు అంటారు! నగదుకు కొన్నానని చెబితే గీత, అరువుకు కొన్నానని చెప్పి అదే రోజు కడితే వంద.

అసలు గడువు అనే మాట ఎత్తితేనే నా ఒళ్లు మండుతుంది. నా ఖాతాదారుల్లో ఒక పెద్ద సంస్థ ఉంది, పేరెందుకు లెండి. బిల్లు మీద 30 రోజులని వాళ్లే రాయించారు. డబ్బు వచ్చింది 112వ రోజున. మధ్యలో రెండుసార్లు బిల్లు తిప్పి పంపారు. ఆర్డరు నంబరు ఎడమవైపు ఉందట, కుడివైపు ఉండాలట. ఆ నెల నా రెండో యంత్రం అమ్మి జీతాలు ఇచ్చాను. ఎంతో జాగ్రత్తగా తుడుచుకుని వాడిన యంత్రం. తీసుకెళ్లినవాడు నా కళ్లముందే దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

ఆ 112 రోజులకు వాళ్ల స్కోరు తగ్గిందా? ఎలా తగ్గుతుంది, నా మాట చేరవేసేదెవరు? నేను ఒక్క వాయిదా తప్పితే మర్నాడు లోకమంతా తెలుస్తుంది. వాళ్లు తప్పితే నాకూ నా ఇంటావిడకూ తెలుస్తుంది. ఐరోపాలో 2011లో ఒక ఆదేశం తెచ్చారు, వ్యాపార సంస్థల మధ్య చెల్లింపు గడువు 60 రోజులు దాటకూడదని. వెంటనే ఒక తోక తగిలించారు, ఇద్దరూ స్పష్టంగా వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప అని. ఏనుగూ చీమా కూర్చుని చేసుకునే ఒప్పందం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదా? మరీ అన్యాయంగా ఉండకూడదని కూడా రాశారు లెండి. చీమ వెళ్లి దావా వేసుకోవచ్చు.

కొసమెరుపేమిటంటే, అదే సంస్థ ఏడాది చివర నాకు 'నమ్మకమైన సరఫరాదారు' అని ఇత్తడి ఫలకం ఇచ్చింది. ఇవాళ బ్యాంకుకు సంచీలో పెట్టుకుని వెళ్లాను కూడా. సిగ్గేసి బయటికి తీయలేదు.

పరపతి అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి అప్పు పుట్టే యోగ్యత, రెండోది పలుకుబడి. రెండూ వేర్వేరని ఇన్నాళ్లూ అనుకున్నాను.

పోతే, రేపు కొత్త రంగుల డీలరు దగ్గరికి వెళ్తున్నాను. వాళ్లు ప్రతి చెల్లింపునూ క్రెడిట్ సంస్థలకు తెలియజేస్తారని ఆ బ్యాంకు అబ్బాయే చెవిలో చెప్పాడు. నాకు రంగులు అక్కర్లేదు, ఆరు నెలలకు సరిపడా ఉన్నాయి. అయినా ముప్పై రోజుల అరువు మీద నాలుగు డబ్బాలు తెచ్చుకుని, ఆ సాయంత్రమే డబ్బు కట్టేస్తాను. ఆ డబ్బాలు ఎక్కడ పెడతారని ఇంటావిడ అడిగింది. యంత్రం అమ్మిన చోటు ఖాళీగానే ఉందిగా.