బేస్‌లైన్ సర్వే గారికి గారపళ్ల నమస్కారం

అయ్యా బేస్‌లైన్ సర్వే గారూ,

ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ఓ పల్లె నుంచి రాస్తున్నాను. ఏ ప్రాజెక్టయినా మొదలయ్యే ముందు వచ్చి ఊరి పరిస్థితి రాసుకుపోయేది మీరే కదా. పేరు చెప్పినా మీకు గుర్తుండదు, మీ దగ్గర నాకున్నది నంబరే, 047. పళ్లు చూపిస్తే మాత్రం గుర్తుపడతారు. నాకు తెలిసి మూడు రిపోర్టుల్లో ఆ పళ్లే ఉన్నాయి, ఒకదానికైతే అట్ట మీదే వేశారు. పెళ్లిచూపుల ఫోటోలో నోరు మూసుకుని నవ్వినవాణ్ణి, మీ కోసం మాత్రం చిగుళ్లు కనపడేదాకా పెదాలు ఎత్తి పట్టుకున్నాను. అంత ప్రేమ మీరంటే.

మీరు మాకు కొత్త చుట్టం కాదు లెండి. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన బృందమూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు, ఉందని పేపర్ రాసింది అప్పటి నెల్లూరు జిల్లాలో మా చుట్టుపక్కల పల్లెల జనాన్ని చూసే. దేశంలో ఈ జబ్బు సంగతి రాతకెక్కింది అప్పుడే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంటే మా జిల్లా కంటే మా గారపళ్లే వయసులో పెద్దవి, వాటికే మేం దణ్ణం పెట్టాలి.

ఇన్నేళ్ల పరిచయం మీద చనువుగా ఒక మాట అడుగుతాను, కోప్పడొద్దు. ఈ మరక పడేది పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు వచ్చే లోపు, చిన్నప్పుడు, పన్ను లోపల తయారయ్యే రోజుల్లో తాగిన నీళ్ల వల్ల. ఆ వయసు దాటాక గంగాజలం తాగినా అది పోదు. మరి ముప్పై నాలుగేళ్లవాణ్ణి కూర్చోబెట్టి "గత పన్నెండు నెలల్లో మీ పళ్ల రంగులో మార్పు గమనించారా" అని అడుగుతారేంటండీ? గమనించలేదు అంటే "అవగాహన తక్కువ" అని రాసుకున్నారు.

పోయినసారి మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చిన సారు గురించి కూడా చెప్పుకోవాలి. విదేశంలో గ్లోబల్ హెల్త్ చదివాడు, హోదా సోషల్ ఇన్నోవేషన్ లీడ్. మనిషి మంచివాడే, అబద్ధం చెప్పకూడదు, అందరినీ అండీ అనే పిలిచాడు, అరుగు మీద కింద కూర్చున్నాడు. కాకపోతే మీరు ఏ నీళ్లు తాగుతారు అని అడిగినంతసేపూ ఆయన చేతిలో సీసా ఉంది, ఒంగోలులో కొన్నది. మా అమ్మ చెంబుతో నీళ్లు తెస్తే చెయ్యెత్తి వద్దమ్మా అన్నాడు. ఆ ఒక్క వద్దమ్మాలో ఆయన రిపోర్టంతా ఉంది, ఇక ఎనభై నాలుగు ప్రశ్నలు దేనికో.

ఐదో రోజు వర్క్‌షాప్ పెట్టాడు. రంగురంగుల చీటీలు, స్కెచ్ పెన్నులు. "మీ సమస్యకి పరిష్కారం మీ దగ్గరే ఉంది, మీరే చెప్పండి" అన్నాడు. మా బాబాయి పసుపు చీటీ మీద "సాగర్ నీళ్లు" అని రాసి అంటించాడు. దర్శి బ్రాంచి కాలవ ఉంది కదా, ఆ నీళ్లు శుద్ధి చేసి పైపులో ఏడాది పొడుగునా వదిలితే చాలు అని ఆయన ఉద్దేశం, పారే నీళ్లలో ఫ్లోరైడ్ బోరు నీళ్లంత ఉండదని చదువు లేకపోయినా ఆయనకి తెలుసు. సారు ఆ చీటీని చాలా గౌరవంగా తీసి గోడ మీద పక్కగా పెట్టాడు. దాని పైన ఇంగ్లీషులో ఏదో రాసుంది, మా అమ్మాయిని చదవమంటే "ప్రాజెక్టు పరిధిలో లేనివి" అని చెప్పింది. పరిధిలో ఉన్నది ఏంటంటే, యాప్. నీళ్లలో మందు చుక్క వేసి, గులాబీ రంగు ఎంత పసుపుకి తిరిగిందో ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పసుపైతే ఆ నీళ్లు తాగొద్దు అని మెసేజ్ వస్తుంది. వచ్చింది కూడా, ఊరందరికీ ఒకేసారి. మా బాబాయి ఫోన్ చూసుకుని "సరే, మరి ఏం తాగమంటాడు అబ్బయ్యా?" అని నన్నడిగాడు. దానికి యాప్‌లో బటన్ లేదు.

బడిలో ఫిల్టరు కూడా పెట్టారు, అల్యూమినా గుళికలది. నిజం చెప్పాలంటే పని చేసింది, పిల్లలు తాగారు. ఆ గుళికలు ఫ్లోరైడ్‌ని పట్టుకుని పట్టుకుని ఒకరోజుకి నిండిపోతాయి, అప్పుడు కాస్టిక్‌తో ఒకసారి, యాసిడ్‌తో ఒకసారి కడగాలి. అవి నిండేసరికి ప్రాజెక్టు అయిపోయింది. కడిగే మనిషికి జీతం ఎవరిస్తారన్నది మీ ప్రశ్నల్లో లేదు. ఇప్పుడు ఆ స్టాండుకి గేదెను కడుతున్నారు, గట్టి ఇనుము.

నా పాపం కూడా ఒప్పుకుంటాను. రెండేళ్ల క్రితం నేనే మీ తరఫున ఫారం నింపే పనికి పోయాను, ఫారానికి ఇంత అని. మా ఇంటి వంతు వచ్చినప్పుడు రూలు ప్రకారం మా అమ్మని అడిగాను, "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" "ఏందిరా, నువ్వే గదా మేస్త్రీ చుట్టూ తిరిగి కట్టించింది" అంది. "ఇంటి యజమాని ఎవరు?" అంటే చీపురు తీసుకుంది. ఆ నలభై రోజుల పనినే ఉద్యోగాల సైట్లో "గ్రామీణ ఆరోగ్య రంగంలో క్షేత్రస్థాయి నాయకత్వం" అని పెట్టుకున్నాను. ముగ్గురు అభినందనలు చెప్పారు. కాబట్టి మీ మీద ఎక్కి పైకి పోయినవాళ్లని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు.

అయినా ఒక అనుమానం. మా పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రాత్రిబడిలో పాఠం చదువుకుని, అది తమ ఇంటి కథే అని లేచినవాళ్లు, ముందు నిలబడ్డ రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఆ ఊపులోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. సారా ప్యాకెట్ ఎంత, మొగుడి కూలి ఎంత, ఇంటికి చేరేది ఎంత, ఆ లెక్క వాళ్ల నోటికే వచ్చు, మీరు రావాల్సిన పని పడలేదు. రోశమ్మ గనక సోషల్ ఇన్నోవేషన్ లీడ్ ఉద్యోగానికి అప్లై చేసుంటే మొదటి వడపోతలోనే పోయేది, ఇంగ్లీషులో అనుభవం రాయలేదని.

మన సారు ఇప్పుడు జెనీవాలో ఉన్నాడట. సంతోషం. ఆయన ప్రెజెంటేషన్ వీడియో ఎవరో పంపారు, నా పళ్లు ఆయన వెనక తెర మీద గుమ్మమంత ఎత్తున ఉన్నాయి. నాకు పాస్‌పోర్టు లేదు, వాటికి అవసరం పడలేదు.

ప్రాజెక్టు అయ్యాక ఏం మారిందో చూడ్డానికి రావాల్సిన మీ తమ్ముడు ఎండ్‌లైన్ సర్వేని మాత్రం ఇంతవరకు చూడలేదు. దారి తప్పాడేమో, దర్శి బస్టాండులో దిగి ఎవరినడిగినా చెప్తారని చెప్పండి.

మీరు ఎటూ మళ్లీ వస్తారు కాబట్టి ఒక సవరణ. 31వ ప్రశ్న, బోరు ఎన్ని అడుగులు? పోయినసారి రెండు వందల ఎనభై అని రాశారు. మొన్న ఎండలకి అది ఎండిపోయింది, నాలుగు వందలకి దించాం. నీళ్లు పడ్డాయి. కొట్టేసి రాసుకోండి.

ఇట్లు,
047