గుమ్మడికాయల పద్దు

మా అపార్ట్‌మెంట్‌లో ఆయుధపూజకి గుమ్మడికాయలు కొనే బాధ్యత ఆరేళ్ళుగా నాదే. కారణం నేను నాస్తికుణ్ణి కావడమే. వెటకారం అనుకోకండి, సర్వసభ్య సమావేశంలో మినిట్స్ రాసుకుని మరీ తీసుకున్న నిర్ణయం ఇది. అంతకుముందు ఆ పద్దు చూసినాయన పరమ భక్తుడు. ఇరవై కాయలు కొని ముప్పై అని రాశాడు. మిగిలిన డబ్బులో కొంత తిరుపతి హుండీలో వేసి దేవుడితో రాజీ పడ్డాడు. అసోసియేషన్‌తో మాత్రం రాజీ కుదరలేదు. "ఈయనకి రాజీ పడ్డానికి పైన ఎవరూ లేరు, లెక్క సరిగ్గా చెప్పక చస్తాడా" అంటూ మా ప్రెసిడెంటుగారు, నెల్లూరాయన, నా పేరు ప్రతిపాదించారు. చేతులన్నీ లేచాయి. మతం ప్రజాజీవితంలోకి జొరబడిపోతోందని గుండెలు బాదుకునే సాటి నాస్తికులకి నా మనవి ఒకటే: రానివ్వండి, బిల్లు పుస్తకం మాత్రం మన దగ్గర పెట్టుకోండి.

ఆయుధపూజనాడు బెంగళూరు చూడాలి. బస్సుకి అరటి పిలకలు, ఆటోకి చామంతి దండ, ఆఫీసులో సర్వర్ ర్యాకుకి పసుపూ కుంకుమా. మా ఆఫీసులో ఫైర్‌వాల్‌కి కూడా బొట్టు పెడతారు. పెట్టాక పాస్‌వర్డు మార్చమని సెక్యూరిటీ టీమ్ నుంచి మెయిలొస్తుంది. పూజ అయ్యాక గుమ్మడికాయకి రంధ్రం చేసి, కుంకుమ నింపి, చిల్లర వేసి, గేటు ముందు నడిరోడ్డు మీద కొడతారు. పోయినేడు మా కాయ మీదే ఓ డెలివరీ కుర్రాడి బండి జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి ముందు పార్సిల్ చూసుకున్నాడు, తర్వాత మోచెయ్యి చూసుకున్నాడు, ఆ తర్వాత వంగి, గుమ్మడి ముక్కని కాలితో తొయ్యకుండా చేత్తో తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. మాకు దిష్టి పోయిన మాట నిజం. ఎటు పోయిందన్నది పద్దులో రాయడానికి కాలమ్ లేదు.

గుమ్మడికాయ అంటే ఈ ఊళ్ళో ఇంకో పాత బాకీ ఉంది. హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు, అమెరికాలో ఫిజిక్సు డాక్టరేటు చేసొచ్చి, పెళ్ళి చేసుకోకుండా బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టలు గదిలోనే జీవితం వెళ్ళదీసిన మనిషి. బెంగళూరు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, 1976లో, అద్భుతాలనీ మూఢనమ్మకాలనీ పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. పుట్టపర్తి సత్యసాయిబాబా గారికి ఉత్తరాలు రాశారు. శూన్యంలోంచి విభూతి, ఉంగరాలు వస్తున్నాయి కదా, అలాగే ఒక గుమ్మడికాయ రప్పించండి అని అడిగారని ఊళ్ళో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉంగరమైతే చొక్కా చేతిలో పడుతుంది, గుమ్మడికాయ పట్టదు. ఉత్తరాలు వెళ్ళింది ఒక్క చిరునామాకే. భుజాలు తడుముకున్నవాళ్ళు మాత్రం ఊరినిండా. జవాబు రాలేదు. నా లెక్కప్రకారం ఆ ఒక్క కాయా ఇంకా రావలసిన బాకీల కింద నడుస్తోంది.

ఇక చదువుల సంగతి. ఇక్కడ నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా అంటార్కిటికా కరిగిపోయింది.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. సి.వి. రామన్ కాంతి చెదిరే తీరు కనిపెట్టిన 1928 నాటి రోజు. ఆయన తర్వాతి కాలమంతా ఈ ఊళ్ళోనే గడిపాడు కాబట్టి బెంగళూరు స్కూళ్ళు ఆ రోజుని ఇంటి పండగలా చేస్తాయి. 2025లో అది శుక్రవారం పడింది. ఎగ్జిబిషన్ ప్రారంభం పదిన్నరకని కార్డు కొట్టించారు. కార్డులు పంచేశాక ఎవరో గమనించారు, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం అని. తలుపులకి రిబ్బన్ కట్టేసి, ముఖ్య అతిథిని ప్రిన్సిపాల్ గదిలో కాఫీకి కూర్చోబెట్టారు. లోపల మా అమ్మాయి ప్రాజెక్టు భూతాపం. థర్మాకోల్ ట్రేలో రెండు ఐసు గడ్డలు, వాటి మీద మట్టితో చేసిన అయిదు పెంగ్విన్లు.

పదకొండుకి పెంగ్విన్ల కాళ్ళు తడిశాయి. పదకొండున్నరకి ఒకటి పక్కకి ఒరిగింది. పన్నెండుంబావుకి వినాయకుడి పాటకి నాట్యం అయ్యి, దీపం ఫ్యాన్ గాలికి రెండుసార్లు ఆరిపోయి, ఫ్యాన్ ఆపించి మూడోసారి వెలిగించి, అతిథిగారు మా అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చేసరికి ట్రేలో బురదనీళ్ళు.

"ఏమిటమ్మా ఇది?"

"అంటార్కిటికా సార్."

"మరి మంచేదీ?"

"రాహుకాలంలో పోయింది సార్."

రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది పక్క బల్లకి, 'గుడిగంట వెనుక సైన్స్' అనే చార్టుకి. గంట మోగిస్తే మెదడులో కుడి ఎడమ భాగాలు రెండూ ఏకమవుతాయట, ఏడు చక్రాలూ మేలుకుంటాయట. ఆ చార్టు చూస్తే నాకు నాస్తికుడిగా కాదు, మా అమ్మ కొడుకుగా కోపం వచ్చింది. ఆవిడ యాభై ఏళ్ళు పొద్దున్నే గంట కొట్టింది. ఒక్కనాడూ దాని ఫ్రీక్వెన్సీ ఎంతని అడగలేదు. ఆవిడకి దేవుడుంటే చాలు. ఈ చార్టు వాళ్ళకి దేవుడు చాలడం లేదు, సైన్సు సంతకం పెట్టిన సర్టిఫికెట్ కూడా కావాలి. నమ్మకం తక్కువైంది ఎవరికో మీరే చెప్పండి.

సర్టిఫికెట్ల పిచ్చి స్కూలుతో ఆగలేదు. 2001లో యూజీసీ జ్యోతిషాన్ని యూనివర్సిటీల్లోకి తెచ్చినప్పుడు హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ స్థాపించిన పి.ఎం. భార్గవ గారు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. ఏది ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పగల శాస్త్రం తరఫున అంతమంది లాయర్లు ఎందుకు పనిచెయ్యాల్సి వచ్చిందో నాకు అర్థం కాలేదు గానీ, తీర్పు తీర్పే. శిరసావహిస్తున్నాను.

రాజ్యాంగం మాట ఎత్తితే మా స్కూలువాళ్ళు చాలా మర్యాదగా డైరీ తీసి చూపిస్తారు. ప్రభుత్వం గుర్తించిన ఏ విద్యాసంస్థలోనూ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకీ ప్రార్థనకీ కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతుంది. సమ్మతి ఉంది. డైరీ వెనక, యూనిఫాం కొలతలకీ బస్సు ఫీజుకీ మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో. కింద సంతకం నాదే. చిన్నప్పుడు నన్ను చదివించిన కాన్వెంటులో ఈ మాత్రం కూడా లేదు లెండి. మోరల్ సైన్స్ అని పీరియడ్ పెట్టి, అందులో సైన్సూ లేకుండా మోరలూ లేకుండా పదేళ్ళు ప్రార్థనలు చెప్పించారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని 1976లోనే రాజ్యాంగంలో చేర్చారు. నరసింహయ్య గారు కమిటీ వేసిన ఏడే. విధులు అన్నారు గానీ, చెయ్యకపోతే జరిమానా అనలేదు. బెంగళూరు హెల్మెట్ నిబంధనే నయం.

పెద్దవాళ్ళని చూసి పిల్లలు నేర్చుకుంటారు. విధానసౌధ నుదుటి మీదే చెక్కి ఉంది, "సర్కారద కెలస దేవర కెలస" అని. ప్రభుత్వ పని దేవుడి పని. అందుకే కాబోలు మనం ఏ ఆఫీసుకి వెళ్ళినా సీట్లో మనిషి కనపడడు. అదే భవనంలో ముఖ్యమంత్రి గది తలుపు ఒకటి వాస్తు బాగోలేదని మూసేస్తే, సిద్ధరామయ్య గారు 2023లో తెరిపించారు. ఆయన 2013లో తెరిపించిన తలుపే అది. మధ్యలో మళ్ళీ మూశారు. కర్ణాటకలో అధికార మార్పిడి తెలుసుకోవడానికి పేపరు అక్కర్లేదు, ఆ తలుపు చూస్తే చాలు. చామరాజనగరంలో కాలు పెడితే ముఖ్యమంత్రి పదవి ఊడుతుందని ఇంకో నమ్మకం. ఆయన మొదటి విడతలో అనేకసార్లు వెళ్ళి, అయిదేళ్ళూ నిండా పరిపాలించి దిగారు. దాంతో నమ్మకం చచ్చిందా అంటే లేదు. నమ్మకాలకి ఎన్నికలు ఉండవు.

అంతరిక్ష శాఖ లెక్కే వేరు. ఇస్రో ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే. ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా తిరుమల వెళుతుంది, సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గరా పూజలు జరుగుతాయి. కొందరు హేతువాదులు దీనికి అనవసరంగా ఆవేశపడతారు. నేను సమర్థిస్తాను. స్వామివారి ముందు పెట్టేది నమూనా. అసలు రాకెట్ ఇంజనీర్ల దగ్గరే ఉంటుంది. ఇంత చక్కని పనివిభజన ఏ శాఖలోనూ చూడలేదు. నాకు లెక్క తేలనిది ఒక్కటే. 2009లో పీఎస్‌ఎల్‌వీ సీ12 తర్వాత ఎగిరింది సీ14. సీ13 ఎక్కడ? పదమూడుకి భయపడటం మన తాతల సొత్తు కూడా కాదు, పరాయి దేశపు దిష్టి. మా అపార్ట్‌మెంట్‌లోనూ 12 తర్వాత 12ఏ, ఆపైన 14. బిల్డరు అంతరిక్షశాఖలో పనిచేసి ఉండాలి.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం. బెంగళూరులో సూర్యుడు సన్నని వంక మిగిలాడు. మా ఫ్లోరులో అన్ని ఇళ్ళ పచ్చడి జాడీల మీదా దర్భలు. నేనూ అమ్మాయీ టెర్రస్ మీద గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని ఇడ్లీ తింటూ చూశాం. ఇంతవరకూ ఇద్దరికీ అజీర్ణం చెయ్యలేదు. అదే పొద్దున, ఇదే రాష్ట్రంలో, కలబురగి దగ్గర ఒక ఊళ్ళో వికలాంగులైన పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతారు, గ్రహణం వేళ అలా చేస్తే కాళ్ళొస్తాయని. కొన్నాళ్ళకి రాష్ట్రంలో మూఢాచారాల నిర్మూలన చట్టం అమల్లోకి వచ్చింది. వాస్తు సలహాలకీ జ్యోతిషానికీ అందులో మినహాయింపు ఉంది. తలుపుల సంగతి చూసుకోవాలి కదా.

1976లో ప్రశ్న అడిగితే జవాబు రాలేదు, అంతే. 2015 ఆగస్టులో ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గి గారు తలుపు కొడితే తీశారు. 2017 సెప్టెంబర్‌లో ఈ ఊళ్ళోనే పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ గేటు తీసుకుని ఇంట్లోకి వెళ్ళబోయారు. ఇద్దర్నీ కాల్చి చంపారు. ఈ రెండు తలుపుల దగ్గర నాకు వెటకారం రాదు. పద్దులోకి వెళదాం.

నాకెప్పుడూ ఏమీ కాలేదన్నది కూడా రాయాలి. గోరా గారు 1933లో నాస్తికుడన్నందుకు కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఇప్పుడు నన్నెవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కాస్త సర్దుకోండి అంటారు, హారతి పళ్ళెం చేతికిస్తారు. పట్టుకుంటాను. నా పక్కన నించున్నవాళ్ళలో ఎంతమంది నాలాగే పట్టుకున్నారో నాకు తెలియదు. 2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని చెప్పుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద దాదాపు 33 వేలు. మా మారతహళ్ళి జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి అంతకంటే ఎక్కువ మంది సిగ్నల్ పడాలని దేవుణ్ణి వేడుకుంటూ ఉంటారు.

ఈ ఏడూ తెల్లారుజామున కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళాను. చింతామణి వైపు నుంచి వచ్చే అమ్మ, గోనెపట్టా మీద బూడిద గుమ్మళ్ళు గుట్టగా పోసుకుని కూర్చుంది. నన్ను చూడగానే టీ గ్లాసు పక్కన పెట్టింది.

"రా నాయనా, నువ్వొచ్చే దాకా ఎవురికీ ఇయ్యలే. బోణీ నీదే."

"నాకు దేవుడి మీద నమ్మకం లేదని పోయినేడే చెప్పాను కదమ్మా."

"అందుకే గదా. నమ్మేటోళ్ళు కాయకి పదిసార్లు తట్టి, మచ్చ ఉందని, తొడిమె లేదని బేరమాడతారు. నువ్వు ఎన్ని అంటే అన్ని, ఎంతంటే అంత. ఎన్ని ఇమ్మంటావు?"

"ఇరవై."

ఇరవై ఎంచి సంచుల్లో వేసింది. డబ్బులు కళ్ళకద్దుకుని, కొసరుగా ఇంకో చిన్న కాయ నా చేతిలో పెట్టింది. దాన్ని ఏ ఖాతాలో జమ రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.