లారీల లెక్క వేరు, సరుకు లెక్క వేరు

చెన్నై-కోల్‌కతా, పుణె-మచిలీపట్నం జాతీయ రహదారులు కలిసే విజయవాడలో ఏ వంతెన కట్టాలన్నా, ఏ బైపాస్ వేయాలన్నా ముందు తేలవలసింది ఏ సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత పోతున్నదన్న సంగతి. ఇందుకు మనవాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది రోడ్డు పక్క సర్వే. లారీని ఆపి, బయలుదేరిన ఊరు, చేరే ఊరు, సరుకు, బరువు డ్రైవరును అడిగి రాసుకుంటారు. ఖాళీగా తిరిగొచ్చే బండ్లూ లెక్కకు రావడం ఇందులో మేలు. అయితే పార్సిల్ లారీలో ఏమున్నదో చాలాసార్లు డ్రైవరుకే తెలియదు. పరిమితికి మించి లోడెత్తినవాడు అసలు బరువు చెబుతాడనుకోవడం అమాయకత్వం.

అంతకు మించిన చిక్కు రోజుల ఎంపికలో ఉంది. వాహనాల గణన ఏటా రెండుసార్లు, ఒకటి పంట కోతలు, అమ్మకాలు ముమ్మరంగా సాగేటప్పుడు, మరొకటి మందకొడి కాలంలో, వారం రోజుల చొప్పున జరగాలని రహదారుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే నిర్దేశించింది. మార్చిలో టిక్కీల (మిర్చి బస్తాల) లోడ్లతో కిక్కిరిసే గుంటూరు మిర్చి యార్డు దారిని, యార్డుకు వేసవి సెలవులిచ్చాక అదే దారిని చూసినవారికి కారణం వివరించనక్కర్లేదు.

ఫాస్టాగ్, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు ఉండగా సర్వేలెందుకన్న వాదనతో మేము ఏకీభవించలేము. విజయవాడ-గుంటూరు దారిలోని కాజ టోల్‌ప్లాజా దాటిన బండి ఏ తరగతిదో, ఎప్పుడు దాటిందో ఫాస్టాగ్ చెబుతుంది కానీ లోపలి సరుకు సంగతి చెప్పదు. 2018లో వచ్చిన ఈ-వే బిల్లు సరుకును చెబుతుంది, అదీ సాధారణంగా విలువ 50,000 రూపాయలు దాటితేనే. పన్ను లేని తాజా పండ్లకు అది అక్కర్లేదు కనుక విజయవాడ పక్కనున్న నున్న గ్రామ మార్కెట్ మామిడి ఆ లెక్కలో కనిపించదు.

అమెరికా 1993 నుంచి అయిదేళ్లకోసారి సరుకు పంపే సంస్థలనే నేరుగా అడుగుతోంది. బరువు, విలువ, గమ్యం తెలిసినవాడు పంపేవాడే గనుక ఈ పద్ధతే మేలని మా అభిప్రాయం. కానీ ఆ సర్వేలో పొలాల నుంచి నేరుగా కదిలే సరుకు చేరదు. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన జిల్లాల సరుకులో ముఖ్యభాగమే జారిపోతుంది. కాబట్టి ఇక్కడ యార్డు కమిషన్ దుకాణాలను, కోల్డ్ స్టోరేజీలను, ఆటోనగర్ లారీ బుకింగ్ ఆఫీసులను అడగాలి. రోడ్డు పక్క సర్వేను ఆ జవాబులు సరిచూడడానికి వాడుకోవాలి.

పన్నుల శాఖకు చేరుతుందన్న భయం ఉన్నంతకాలం ఏ గుమాస్తా అసలు బరువు రాయడు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం జవాబుల గోప్యతకు రక్షణ ఇస్తోంది. వచ్చే మిర్చి సీజనుకు ముందే ఈ సర్వేను ఆ చట్టం కింద ప్రకటించి, ఆ మాట దుకాణం దుకాణానికీ చెప్పించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాము.