పరిపాలనా సౌలభ్యం

మన యజమానుల మీద ఈ మధ్య ఒక అపవాదు బాగా ప్రబలింది. నోరు విప్పిన కార్మికుడి మీద వాళ్లు కక్ష సాధిస్తారట! ఎంత మాట! పాతికేళ్లుగా రకరకాల ఆఫీసు ఆర్డర్లు చదువుతున్నాను. ఒక్కదాంట్లో ‘కక్ష’ అన్న మాట కనబడితే ఒట్టు. ఎక్కడ చూసినా ‘పరిపాలనా సౌలభ్యం కోసం’ అనే ఉంటుంది.

మా వీధి చివరి ఇంటాయన జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. పన్నెండు గంటలు పని చేయించుకుని ఓటీ డబ్బులు ఇవ్వట్లేదని మరో ఆరుగురితో కలిసి అర్జీ పెట్టాడు. చేతిరాత బాగుంటుందని రాయించిందీ ఆయన చేతే, మొదటి సంతకమూ ఆయనదే. పదో రోజుకల్లా కంపెనీ ఆయన ప్రతిభను గుర్తించింది. పదకొండేళ్లుగా ఎవరి కంటా పడని ఆ నైపుణ్యం హిమాచల్ ప్రదేశ్‌లోని బద్ది యూనిట్‌కు అత్యవసరమని తేలింది. మూడు రోజుల్లో చేరాలి.

ఆర్డరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. “అన్నా, బద్ది అంటే ఏడుంటది?”

ఫోన్లో మ్యాపు తీసిచ్చాను. హైదరాబాద్ నుంచి వేలితో పైకి జరుపుకుంటూ పోయాడు. స్క్రీను అయిపోయింది. మళ్లీ జరిపాడు. మళ్లీ అయిపోయింది.

ఇలాంటివి చట్టానికి తెలియవనుకుంటే పొరపాటే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి తర్వాత ఐదో షెడ్యూలు అని ఒకటి తగిలించారు. యజమాని చేయకూడని పనుల జాబితా అందులోనే. మేనేజ్‌మెంట్ పాలసీ ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయరాదు. దొంగ సాక్ష్యాలతో క్రిమినల్ కేసులో ఇరికించరాదు. సెలవు పెట్టకుండా ఎగ్గొట్టాడని కట్టుకథ అల్లి తీసేయరాదు. ఎంక్వైరీని హడావుడిగా ముగించరాదు. ఎంత లోకానుభవం! హెచ్ఆర్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు. ప్రతి వాక్యం చివర ‘రాదు’ కొట్టేసి చదువుకుంటే చాలు.

శిక్ష కూడా తక్కువేం కాదు. పాత చట్టంలో ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. మొదటి తప్పుకు జైలు బెడద తీసేసి, పది వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా వేసింది. అంత కట్టలేమని కంగారు పడేవారికి రాజీ మార్గం ఉంది: గరిష్ఠ జరిమానాలో సగం కడితే సరి. చీరల షాపులవాళ్లు ఈ బేరం ఆషాఢంలోనే ఇస్తారు, కోడ్ పన్నెండు నెలలూ ఇస్తుంది.

అసలు ఈ నేరం కోర్టు దాకా పోవాలంటే ఫిర్యాదు చేయాల్సింది ప్రభుత్వమో, ప్రభుత్వం అధికారం ఇచ్చినవారో. కార్మికుడు ఆవేశంలో తొందరపడకుండా ఇదొక ముందుజాగ్రత్త. మరి యజమాని ప్రభుత్వమే అయితే? ఇలాంటి కొంటె ప్రశ్నలు వేసేవాళ్లనే బద్ది పంపిస్తారు.

ఈ విద్యలో శిఖరాన్ని మాత్రం మన తెలంగాణే చూసింది. 2019 అక్టోబర్ 5న, దసరా ముందు, దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయమన్నది ముఖ్యమైన కోరిక. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయిపోయారని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. చిన్నప్పుడు మనం చదువుకున్న వ్యాకరణంలో ఇలాంటి ప్రయోగం లేదు. కర్తా ఉద్యోగే, కర్మా ఉద్యోగే. తీసేసినవాడు ఎక్కడా లేడు, ఉద్యోగం మాత్రం పోయింది. షోకాజ్ నోటీసులు, ఛార్జ్‌షీట్లు, ఎంక్వైరీ ఆఫీసర్ టీ ఖర్చులు అన్నీ మిగిలాయి. 52 రోజులకు సమ్మె విరమించి డిపోలకు పోతే మొదట లోపలికి రానివ్వలేదు, తర్వాత దయతలచి చేర్చుకున్నారు. 2023లో అదే ప్రభుత్వం అసెంబ్లీలో విలీన బిల్లు పాస్ చేసింది. కోరికలో దోషం లేదన్నమాట, అడిగిన నోళ్లే బాగాలేవు.

అందరికీ రక్షణ లేదనడం కూడా అన్యాయమే. ‘రక్షిత కార్మికుడు’ అని ఒక జాతి ఉంది. వివాదం నడుస్తుండగా, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా వాళ్లను తీసేయకూడదు. నూటికి ఒకరు చొప్పున, ఐదుగురికి తగ్గకుండా, వందకు మించకుండా, అదీ యూనియన్ పదవుల్లో ఉన్నవాళ్లు. పులులకు అమ్రాబాద్ అడవి ఎలాగో వీళ్లకు ఈ సెక్షన్ అలాగ. మిగతా తొంభై తొమ్మిది మందీ సాధారణ జంతువుల లెక్కలోకి వస్తారు.

పై అధికారుల అవినీతిని బయటపెట్టేవారి కోసం కూడా 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకమూ పడింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషనే రాలేదు. బిడ్డ బడికెళ్లే వయసు దాటింది, బారసాల ఇంకా కాలేదు.

మా వీధి చివరి ఇంటాయన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య భవన్‌లో ఉన్న లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చాడు. బదిలీ కక్షతోనే జరిగిందని రుజువేదైనా ఉంటే తెమ్మన్నారట. రాత్రి నా దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి గుర్తొచ్చింది. ఆఖరి రోజు షిఫ్టులో హెచ్ఆర్ వాళ్లు కేకు కోయించారు. కిలో కేకు, పాత చట్టం జరిమానా అంత ఖరీదుంటుంది. దాని మీద క్రీముతో ‘ఇంకా సంతకాలు పెడతావా?’ అని రాసి ఉంది. సరదాకేనన్నారట, అందరూ నవ్వారట కూడా.

“అది పనికొస్తదా అన్నా?”

“బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫొటో తీశావా?”

“లేదన్నా. తినేసినం.”